రెండు కత్తులా, డాలా?

ధర్మవరం, మంగళవారం

అన్న పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి ఇద్దరం సాయంత్రాలు ఫోన్‌లో గేమ్ ఆడుతూ మాట్లాడుకుంటున్నాం. నా వీరుడికి రెండు చేతుల్లోనూ కత్తులే. దెబ్బలు రెట్టింపు పడతాయి. కానీ గురి తప్పుతుంది, కాచుకోవడానికి డాలుండదు. ఇవాళ మూడుసార్లు చచ్చాను.

"ఒకటి పారేసి డాలు పట్టుకోరా, ఊరికే చస్తాండావు," అన్నాడు అన్న.

పట్టుకున్నాను. బతికాను. సంతోషమేమీ కలగలేదు.

వేరే రంగు అంచును ఒంటితో కలుపుతూ నేసే కుట్టంచు పట్టుచీరకు మగ్గం దగ్గర ఇద్దరుండాలి. అంచు వైపు పోగును అటూ ఇటూ నడిపే నాడెను అన్న విసిరేవాడు; వాడు వెళ్ళాక నెల రోజులుగా రెండు నాడెలూ నేనే విసురుతున్నాను. పొద్దున అంచు మళ్ళీ ఒంటి నుంచి విడిపోయింది.

"చీర ఎట్లుండాది?" అని అడిగాడు అన్న.

"బాగుండాది," అన్నాను.

రేపు నేత పనిచ్చే షావుకారుతో చెప్పాలి, ఇకమీదట నాకు ఒక్కరే నేయగలిగే ఒక్క నాడె చీరలే ఇమ్మని.