మాధవి రైఫిలు, నా ఎడమ చెయ్యి

జూన్ 8

అంతా ఎడమే. ఈ రోజు తేలిపోయింది.

సార్ నా రెండు చేతులూ ముందుకు చాపించి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టించి, అందులోంచి గోడ గడియారం చూడమన్నారు. కుడి కన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమ కన్ను మూస్తే మాయం. "మీ కన్ను కూడా ఎడమేనండీ శోభ గారూ! చెయ్యీ కన్నూ ఒకే పక్కన ఉండటం అదృష్టం" అన్నారు. మా కోచ్ సార్‌ది రాజమండ్రి. చెడ్డ వార్త చెప్పినా పెళ్లికి పిలిచినట్టే ఉంటుంది.

చెడ్డ వార్త ఏంటంటే — మా షూటింగ్ క్లబ్బులో ఉన్న రైఫిళ్లన్నీ కుడి చేతివాళ్లవి. ట్రిగ్గర్ వెనక పట్టుకునే చెక్క, అదే గ్రిప్పు, కుడి అరచేతికి సరిపోయేలా చెక్కి ఉంటుంది. అందులో నా ఎడమ చెయ్యి పెడితే బొటనవేలికి చోటుండదు. ఒక కాలి చెప్పు రెండో కాలికి తొడుక్కున్నట్టు. ఉప్పల్‌లో ఆ రెండో అంతస్తు హాల్లో చలికాలం నుంచీ ఇలాగే కాలుస్తున్నాను. ఇక సొంతది కొనుక్కోక తప్పదట. ఆగస్టులో క్లబ్బుల పోటీ ఉంది. అందులో నిలబడాలి. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఏ పోటీలోనూ నా పేరు పిలవలేదు. ఒక్కసారి పిలవాలి.

పక్క లేన్‌లో మాధవి. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. పొద్దున్నే ఇక్కడికొచ్చి, కాల్చి, అటునుంచి అటే పోచారం ఆఫీసు బస్సు ఎక్కుతుంది. ఆ పిల్ల రైఫిల్ ఎత్తి నిలబడితే ఫ్యాను గాలికి జడ కదులుతుంది గాని మనిషి కదలదు. నా వంతు వదిలేసి మరీ చూశాను.

జూన్ 9

మెడ పట్టేసింది. రక్తపరీక్షల ల్యాబులో రోజంతా తల తిప్పకుండా మనిషంతా తిరిగాను.

జూన్ 15

డీలర్ వచ్చాడు. హాల్లో బల్ల మీద రెండు రైఫిళ్లు పరిచాడు, చీరల షాపులో పరిచినట్టు.

ఒకటి కట్టెది. తేనె రంగు, ఎంత నునుపో... చెంప ఆనించే చోటు మాత్రం కుడి చేతివాళ్ల కోసమే ఉబ్బెత్తుగా ఉంది. నేను ఎత్తితే చెంప కింద ఏమీ లేదు. మనసులోనే ముద్దు పెట్టి దించేశాను. రెండోది అల్యూమినియంది. చెంప పలక స్క్రూలు విప్పి రెండో వైపుకు మార్చుకోవచ్చు. పొడవు సర్దుకోవచ్చు, ఎత్తు సర్దుకోవచ్చు. దీన్ని ఎవరు తయారు చేశారో గాని చేతులెత్తి మొక్కాలి! చిక్కల్లా గ్రిప్పు ఒక్కటే.

"లెఫ్ట్ గ్రిప్పా? గది బయటి దేశంకెళ్లి రావాలె మేడమ్. ఇప్పుడు ఆర్డర్ పెట్టినా దసరా దాటుతది."

పోటీ ఆగస్టులోనాయె.

ఇంటికొచ్చి మా ఆయన నర్సింగ్‌కు చెప్పాను. ముందు "పోలీసులు రారు గద?" అన్నాడు. గాలితో పేలేదే, దీనికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పాను, మళ్లీ. తర్వాత — నర్సింగ్‌కు లోకంలో ప్రతిదీ సులువే — "కుడి చెయ్యితోనే కొట్టరాదు? అన్నం కుడి చెయ్యితోనే తింటున్నవ్ గద. గది నేర్సుకోలేదా?"

కోపం వచ్చింది. నిజమే మరి. ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే నాన్నమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసేది. తిండి, హారతి, ఎవరికైనా ఏదైనా ఇవ్వడం — కుడి. రాయడం, కూరలు తరగడం, సూది — ఎడమ. ఇన్నేళ్లుగా ఇలా పంచుకునే బతుకుతున్నాను. రైఫిల్ ఎవరి వాటాకు వస్తుందో?

జూన్ 18

ల్యాబుకు కొత్తగా ఓ పెద్దాయన వచ్చాడు. సూది ఎడమ చేత్తో పట్టుకోగానే ముఖం ముడిచాడు. "గా చెయ్యితోనా?" రక్తం తీశాక చూసుకుని — "అరే, అయిపోయిందా! నీ హస్తవాసి మంచిగున్నది బిడ్డా."

నాచారంలో శోభ అంటే ఎవరికీ తెలియదు. ఎడమ చేతి మేడమ్ అంటే తెలుసు.

జూన్ 22

ఓరి దేవుడా. కాళ్లు నేల మీద లేవు.

మాధవి జాకెట్ విప్పుతూ, ఏదో టిఫిన్ సంగతి చెప్పినట్టు — "అక్కా, నాకు కొత్త రైఫిల్ వచ్చింది. పాతది నువ్వు తీస్కో. వేరేటోళ్లకు ఇయ్య బుద్ది అయితలేదు." అని బస్సుకు టైమైందని పరిగెత్తింది.

నాకు! దేశమంతటి పోటీల్లో ఆమె మెడల్ కొట్టిన రైఫిల్! అదీ అల్యూమినియందే. గ్రిప్పు మాత్రం కట్టెది. ఆమె అరచేతి చెమటకు నల్లబడి, ఒక్కో వేలికి ఒక్కో గాడి పడి ఉంది. అలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. క్లబ్బంతా చుట్టూ చేరింది. "మాధవి హస్తవాసి దాంట్లనే ఉన్నది. కండ్లు మూస్కొని తీస్కో."

సార్ ఒక్కరే మామూలుగా ఉన్నారు. "ఏముందండీ, చెంప పలక అటు తిప్పేద్దాం. గ్రిప్పు ఆకురాయితో గీకేసి రెండో పక్క పుట్టీ పెడదాం. ఎడమ చేతిది అయిపోతుంది."

"వద్దు సార్!" — అరిచేశాను. ఆ గ్రిప్పును గీకడమా? అందరూ నా పక్షమే. "మెడల్ కొట్టిన గ్రిప్పు సార్, ముట్టొద్దు."

సార్ చేతులెత్తేశారు. "మీ ఇష్టం. అయితే చెయ్యి మార్చుకుంటారా?"

మార్చుకుంటాను. అన్నం తినడం నేర్చుకోలేదా ఏం.

జూన్ 24

అత్తమ్మ రైఫిల్‌కు పూజ చేసింది. "కొత్తది ఇంట్లకొస్తే బొట్టు పెట్టకుంట ఎట్ల?" బాగానే ఉంది గాని, గురి చూసే రంధ్రానికే పెట్టింది. ఈ రోజు మాధవి అందులోంచి చూసి — "అక్కా, టార్గెట్ ఎర్రగ కనవడుతుందేంది!" ఇద్దరం బల్ల మీద పడి నవ్వాం. చెవి పుల్లతో కుంకుమంతా తనే తీసింది.

జూన్ 29

కుడి భుజం, కుడి చెంప, కుడి కన్ను. ఎడమ కంటికి అట్టముక్క అడ్డం. ఆ గాళ్లలో కుడి చేతి వేళ్లు పెడితే మాధవి చేతిలో చెయ్యి వేసినట్టే ఉంది. గుండ్లు మాత్రం ఇష్టం వచ్చిన చోటికి పోతున్నాయి.

"నువ్వు కుడితోని కొడతవని నాకు తెల్వదక్కా" అంది మాధవి. "ఇప్పుడు నేర్సుకుంటున్న" అన్నాను. అంతకంటే చెప్పలేదు. సార్ చెప్పినట్టు చేస్తున్నాననుకుంది కాబోలు, తల ఊపి ఊపిరి ఎక్కడ ఆపాలో చూపించింది. ఎంత ఓపిక! నేనైతే నాలాంటి దాన్ని ఎప్పుడో తిట్టి పంపేదాన్ని.

జూలై 4

కుడి చెయ్యి గట్టిపడాలని ఇంట్లో పనులన్నీ దాంతోనే. ఉల్లిగడ్డలు తరిగాను. మా ఆయన గరిటెతో కదిపి చూసి, "ఇవి ఉల్లిగడ్డలా, కంకర రాళ్లా?"

జూలై 9

నల్ల గుండ్రం అంచున పడుతున్నాయి. అదీ పడితే. ఇంత మంచి రైఫిల్ నా దగ్గర ఇలా అయిపోయిందేం... మాధవి ముఖం చూడలేకపోతున్నాను.

జూలై 13

యాదమ్మ వచ్చింది. షుగర్ పరీక్షకు ప్రతి నెలా వస్తుంది. ఆమెవి దొరకని నరాలు. నా దగ్గర తప్ప చెయ్యి చాపదు.

రబ్బరు పట్టీ కట్టాను. సూది తీశాను. అలవాటు చేసుకోవాలని ఎప్పుడూ అనుకుంటూ ఉండటం వల్లో ఏమో, సూది కుడి చేతిలో ఉంది. ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆమె చూసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమైందమ్మా నీ చేతికి? దెబ్బ తాకిందా?"

"ఏం కాలేదు యాదమ్మా."

"మరి గా చెయ్యితోని ఎందుకు? నీ చెయ్యితోని తియ్యి."

నీ చెయ్యి, అంది. ఎడమ చెయ్యి అనలేదు. సూది ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఒక్క పోటుకే దొరికింది. ఆమె చీరకొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె చూడకపోయి ఉంటే గుచ్చేసేదాన్నే కదా. ఏం చేస్తున్నాను నేను? ఒక రైఫిల్ మీద మోజుతో, ఇంతమంది నమ్మిన చేతిని పక్కన పెడుతున్నానా?

జూలై 16

తిరిగి ఇచ్చేయాలి. పోటీ పోతే పోనీ... కాదు, అది అబద్ధం. పోటీ పోతే ఏడుస్తాను. అయినా ఇచ్చేయాలి.

ఎలా చెప్పాలి? ఎవరికీ ఇవ్వనని దాచి నాకిచ్చింది.

జూలై 20

చెప్పేశాను. రైఫిల్ పెట్టె ఆమె ముందు పెట్టి.

ముఖం చిన్నబోయింది. "మంచిగ లేదా అక్కా?"

మంచిగా లేకపోవడమేమిటి, దానంత మంచిది నా చేతికి ఇంకెప్పుడూ రాదు అన్నాను. సార్ గీకుదామన్నదీ, నేను వద్దన్నదీ, చెయ్యి మార్చుకున్నదీ, యాదమ్మ సంగతీ — అంతా ఒక్క ఊపిరిలో. నవ్వుతుందనుకున్నాను. మాధవికి కోపం రావడం మొదటిసారి చూశాను.

"అంటే గీ గ్రిప్పు కోసం నువ్వు చెయ్యి మార్సుకున్నవా? నాకొక్క మాట చెప్పకుంట? గ్రిప్పంటే ఏందనుకున్నవ్ అక్కా? ఏలు నొస్తే గీకిన, జాకెట్ మారితే గీకిన. పోయినేడు సగం పగలగొట్టి మళ్ల పెట్టిన. నేనేమన్న దేవతనా, నా చెయ్యికి పూజ చేస్తున్నవ్?"

పెట్టె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. బస్సుకు ఇంకా చాలా టైముంది.

జూలై 22

ఫోన్ ఎత్తడం లేదు. ఆమె అన్నదే నిజం. అదే ఎక్కువ మండుతోంది.

జూలై 27

ఈ రోజు బాగా రాసుకోవాలి.

నేను వెళ్లేసరికి మాధవి కింద చాప పరుచుకుని కూర్చుంది. గ్రిప్పు విప్పి పెట్టింది. పక్కన రెండు ఆకురాళ్లు, పుట్టీ డబ్బా. "కూసో" అంది. అంతే. పలకరింపు లేదు.

ఆకురాయి తీసుకుని, తన అరచెయ్యి ఆనే ఉబ్బు మీద గట్టిగా ఒక్క గీకు గీకింది. నల్లటి చెక్క లేచిపోయి కింద తెల్లటి కట్టె కనిపించింది. ఆమె చెయ్యి ఆగలేదు. ఎన్నేళ్ల అలవాటో ఆ ఉబ్బు! గొణుక్కోకుండా, ఒక్కసారి కూడా నా వైపు చూడకుండా, చకచకా తీసేస్తోంది. సగమయ్యాక ఆకురాయి నాకిచ్చింది. "ఇగ నువ్వు. నీ చెయ్యితోని."

గీకాను. పొడి నా చీర నిండా. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "గీకెటప్పుడు ఏడ్వద్దక్కా, పొడి తడుస్తది" అని అప్పుడు నవ్వింది. హమ్మయ్య.

ఆ తర్వాత రెండో వైపు పుట్టీ పెట్టి, నా ఎడమ చెయ్యి పట్టి అందులో ఒత్తించింది. అది గట్టిపడేదాకా కదలకూడదు. నా వేళ్ల మీద తన వేళ్లు అదిమి పట్టుకుని కూర్చుంది. ఆఫీసు బస్సు పోయింది. "పోతే పోనీ. ఇంకో బస్సొస్తది" అంది. ఇలాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆమె గురి సంగతి కాదు నేను చెప్పేది.

ఆగస్టు 3

ఎడమ భుజం. ఎడమ చెంప. ఎడమ కన్ను. బొటనవేలికి చోటుంది! మెడ వంచనక్కర్లేదు, భుజం ఎత్తనక్కర్లేదు. రైఫిల్ తనంతట తనే వచ్చి కూర్చుంది. ఊపిరి సగం వదిలాను, ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కానో నాకే తెలియలేదు.

నడిమధ్యలో పడింది. గంతులేశాను. సార్ "రైఫిల్ దించి గంతులేయండి తల్లీ!" అని కేకేశారు.

ఆగస్టు 6

మళ్లీ మంచిగా పడ్డాయి. అన్నీ కాదు. చాలా.

ఆగస్టు 9

రేపే పోటీ. పొద్దున సార్ లేన్లు చెప్పారు. మాధవిది నాలుగు. నాది ఐదు.

"మీ ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారండోయ్" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన నిలబడి చూపించారు. కుడి చేతివాళ్లంతా ఒకే వైపు తిరిగి, ఒకరి వీపు ఒకరు చూస్తూ నిలబడతారు. ఎడమ చేతివాళ్లు అటు తిరుగుతారు. కుడి చేత్తోనే కాలుస్తూ ఉండి ఉంటే రేపు నేనూ మాధవికి వీపు పెట్టి నిలబడేదాన్ని. ఇప్పుడు తను నా వైపు, నేను తన వైపు. గుండు పెట్టుకోవడానికి రైఫిల్ దించినప్పుడల్లా ముఖంలో ముఖం.

సాయంత్రం మాధవి ఫోన్ చేసింది. "అక్కా, రేపు నన్ను సూడకు. నీది నువ్వు కొట్టు." సరే అన్నాను. ఎలా కుదురుతుందో? ఇన్నాళ్లూ నేను చేసిందల్లా ఆమెను చూడటమే.

ఇంకో సంగతి. మా ఆయనకు కూడా చెప్పను. నాకు రేపు మాధవిని ఓడించాలని ఉంది. పిచ్చి కాకపోతే ఏమిటి, ఆమె ఎక్కడ, నేనెక్కడ... అయినా ఉంది. తన చేతి గుర్తులు తానే గీకి నాకిచ్చిన పిల్ల మీద ఇదేం కోరిక అని మధ్యాహ్నం నుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. పోవడం లేదు.

రైఫిల్ దించినప్పుడు ఆమె నా ముఖంలోకి చూస్తే, అది కనిపిస్తుందా?