తీగలు వదులు చేయని గిటారు

కలమజూ పట్టణంలో కాపురముంటూ, పాత గిటార్ల వయసూ వెలా తేల్చే వృత్తిలో ఉన్న ఎల్డన్ విట్‌బెక్ అనే నేను, నలభై ఎనిమిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. సోమవారం నా గుండెకు ఆపరేషన్. రాత్రి బడిలో పట్టా పుచ్చుకున్నవాడిని గనుక వకీలు అక్కరలేకపోయింది. అక్షరాలు వంకరపోతే అది కలం తప్పే గాని బుద్ధి తప్పు కాదు.

1. ఇల్లు, కారు, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్య లొరీన్‌కు చెందవలెను.

2. మా అన్నయ్య డ్వేన్‌కు మంచు ఎత్తే పార. ఈ వయసులో నేను పుస్తకాలతో రాత్రి బడికి బయలుదేరినప్పుడల్లా, "ఏరా ప్రొఫెసరూ, హోంవర్కు చేశావా?" అని వాకిట్లో నిలబడి నవ్వేవాడు. ఈ చలికాలం నుండి ఆ వాకిట్లో మంచు ఆయనే తీయవలెను.

3. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడి గిటార్ల ఫ్యాక్టరీలో మా అమ్మ వెర్నా చేసిన గిటారు కూడా లొరీన్‌దే. నాకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇదే. ఎక్కడ చావు జరిగినా పాత గిటార్ల వ్యాపారి హార్లన్ వాస్ ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం పట్టుకుని పరామర్శకు వస్తాడు. మిసెస్ ఓస్ట్రాండర్ భర్త పోయినప్పుడు ఆయన గిటారు చూసి, "పొట్ట ఉబ్బిపోయిందమ్మా, లోపల కర్రలన్నీ ఊడినట్టే. ఇంక పొయ్యిలోకే. మీవారి మీద గౌరవం కొద్దీ వంద డాలర్లిస్తా," అన్నాడట. ఆ గిటారు ఎనిమిది వేలకు అమ్ముడైందని తెలిశాక ఆవిడే నాకు చెప్పి ఏడ్చింది.

లొరీన్ గుర్తుంచుకోవలసినది: ఏళ్ల తరబడి తీగల లాగుడు భరించిన గిటారు ముందు పలక కొంచెం ఉబ్బుతుంది. అది వయసు, జబ్బు కాదు. నా చిన్న అద్దమూ దీపమూ ఆమెకే ఇస్తున్నాను. లోపలికి పెట్టి చూస్తే అడ్డకర్రలు గట్టిగా ఉన్నాయని, వాటి మీద అమ్మ ఉలి జాడలున్నాయని తెలుస్తుంది. ప్రేమకొద్దీ అయినా దానికి పాలిష్ పూయరాదు. పాత మెరుపు పోతే సగం వెల పోతుంది.

4. అమలు బాధ్యత డ్వేన్‌దే. ఎగతాళి చేస్తాడు గాని అబద్ధమాడడు. వాస్ మా గడప తొక్కిన రోజున డ్వేన్ లొరీన్ పక్కనే ఉండవలెను.

5. డాక్టరు నా ఛాతీ మీద వేళ్లతో తట్టి, తల వంచి విని, మొహంలో ఏమీ కనపడనీయలేదు. ఆ మొహం నాకు తెలుసు. పలకలో పగులు దొరికి, యజమాని ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు నేనూ అదే పెడతాను.

చాలాకాలం వాయించని గిటారుకు తీగలు వదులు చేయాలని అందరికీ చెప్పేవాడిని. ఈ సాయంత్రం అమ్మ గిటారు ఒళ్లో పెట్టుకుని, తీగలు బిగించే మర మీద వేలు వేసి, తిప్పకుండానే వేలు తీసేశాను. తీగలు బిగుతుగా ఉండగానే దాన్ని పెట్టెలో పెట్టాను. నేను తిరిగి రాని పక్షంలో లొరీన్ వాటిని వదులు చేయవలెను. అంతవరకు ఎవరూ ముట్టరాదు.

8 నవంబరు 1996, శుక్రవారం

(సంతకం) ఎల్డన్ విట్‌బెక్

సాక్షులు:
గ్లెన్ హూక్‌స్ట్రా, పక్కింటివారు
మార్వా డీకైజర్, రాత్రి బడిలో నా ఉపాధ్యాయురాలు