మునెప్ప చేని ఆకు

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే అఫ్రీన్ ఫోను. నేను రిటైరయ్యాక మొక్కల వైరస్‌ల ల్యాబ్‌లో నా బల్ల దగ్గర కూర్చున్న పిల్ల. వరంగల్ అమ్మాయి, నోట్లో నువ్వుగింజ నానదు.

"మేడమ్, పాత ఫ్రిజ్ తీసేస్తున్నరు. లోపల మీ ట్యూబ్స్ ఉన్నయ్. లేబుల్స్ అస్సలు అర్థమైతలేవు, ఒక్కసారి రారా ప్లీజ్..."

నాకు రిటైర్మెంట్ వచ్చింది గానీ నా చేతిరాతకు రాలేదన్నమాట. రేపు వెళ్లాలి.

జూన్ 4, బుధవారం

వెళ్లాను. బెంగళూరులో మా నగర్తపేట నుంచి రెండు బస్సులు, గంటన్నర. ముప్పై ఏళ్లు ఇదే దారిలో తిరిగిన మనిషిని, ఇవాళ గేటు దగ్గర పుస్తకంలో 'విజిటర్' అని రాయించారు. మనసు చివుక్కుమంది.

వేలెడంత గాజు గొట్టాలు. అడుగున తేమ పీల్చే తెల్ల ఉప్పు, పైన దూది, దాని మీద ఎండిన అలసంద ఆకు, మూతికి మైనం. ఆ ఆకులో వైరస్ ఏళ్ల తరబడి పడి ఉంటుంది. కోడ్ నంబరు ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో నేను రాసుకున్నది — మునెప్ప చేను.

"మునెప్ప ఎవరు మేడమ్?"

ఎవరని చెప్పను! మా గ్లాస్‌హౌస్ మనిషి. మొక్కలకు నీళ్లు పోయడానికి వచ్చి, మా అందరికంటే బాగా వైరస్ ఎక్కించడం నేర్చాడు. జబ్బు ఆకును కల్వంలో నూరి, ఆ రసాన్ని చూపుడు వేలితో కొత్త ఆకు మీద రుద్దాలి. గట్టిగా రుద్దితే ఆకు చస్తుంది, మెల్లగా రుద్దితే వైరస్ దిగదు. మునెప్ప పసిపిల్లకు నూనె రాసినట్టు రాసేవాడు. ఐదో రోజుకల్లా అలసంద ఆకు మీద గుండ్రంగా మచ్చలు లేచేవి.

అఫ్రీన్‌ను బతిమాలాను. ఈ ఒక్క వైరస్‌కు ఆర్‌ఎన్‌ఏ చదివించి పెట్టమ్మా, ఇంకేమీ అడగను అని. సరేనంది.

జూన్ 5, గురువారం

నిద్ర లేచినప్పటి నుంచి ఆ రోజే కళ్లముందు ఉంది.

మునెప్ప ఒక సోమవారం పనికి రాగానే మా ల్యాబ్ నడిపే సార్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా చేన్లో చెనిక్కాయకి అదేందో వచ్చుండాది. మన రూములో ఉండే రోగం మాదిరే ఉండాది, కానీ అది కాదు." సార్ నవ్వలేదు. ముగ్గురం జీపులో వాళ్ల ఊరు అత్తిబెలె వెళ్లాం. వేరుశనగకు వచ్చే మామూలు మొవ్వుకుళ్ళు తెగులులో మొక్క మొవ్వు ఎండి మాడిపోతుంది. ఇక్కడ మొవ్వు పచ్చగానే ఉంది, ఆకుల మీద మాత్రం ముగ్గు వేసినట్టు వలయాలు. ఆ ఆకులు తెచ్చి అలసందకు ఎక్కించాం.

ల్యాబ్‌లో మామూలు తెగులుకు చేసిన సీరంతో పరీక్షిస్తే పసుపు రంగు పాలిపోయి వచ్చింది. అదే వైరస్ అయితే ముదురుగా రావాలి. సార్ ముఖం చూడాలి ఆ రోజు! "ఇది దాని చెల్లెలు వసంతా, అది కాదు" అన్నారు. మునెప్పను పిలిచి, "దీనికి మీ ఊరి పేరే పెడదాం" అన్నారు.

"రోగానికి మా ఊరి పేరా సార్? కానీలే, మంచిదానికైతే ఎవరూ పెట్టకపాయిరి!"

ఎంత నవ్వుకున్నామో.

జూన్ 8, ఆదివారం

అఫ్రీన్ గోడమీది వైరస్‌ల కొత్త వంశవృక్షం గుర్తొస్తోంది. మా రోజుల్లో ఇదంతా ఒక్కటే పెద్ద కుటుంబం. మనుషులకొచ్చేవి, పశువులకొచ్చేవి, మొక్కలకొచ్చేవి అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి, ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటే చాలు. ఇప్పుడు భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఎవరి పొయ్యి వారిదే. మా వాటికి ఆర్‌ఎన్‌ఏ మూడు ముక్కలు — పెద్దది, నడిమిది, చిన్నది. పేర్లు కూడా మారాయి, అన్నీ రెండేసి మాటల లాటిన్ పేర్లు. పాత పేరుతో పిలిస్తే అఫ్రీన్ మర్యాదగా ఊరుకుంటుంది. ముసలమ్మ కదా అని.

ఒక్కటి మాత్రం మారలేదు. ఈ వైరస్‌ను మోసేది తామరపురుగు. అది పసి పురుగుగా ఉన్నప్పుడు జబ్బు ఆకును తింటేనే పెద్దయ్యాక అంటిస్తుంది. పెద్దయ్యాక ఎంత తిన్నా ఉపయోగం లేదు. "కన్నడం సంగతీ అంతే సార్, మీరు పెద్దయ్యాక వచ్చారు" అని సార్‌ను ఏడిపించేదాన్ని. కాకినాడ మనిషి, బెంగళూరులో ముప్పై ఏళ్లుండి 'గొత్తిల్ల', అంటే 'తెలియదు', అన్న మాట దాటి నేర్వలేదు. సార్ లేని లోటు ఇవాళ చాలా తెలుస్తోంది.

జూన్ 17, మంగళవారం

ఫలితం వచ్చింది. అదే మామూలు మొవ్వుకుళ్ళు వైరస్.

చిన్న ముక్కలో ఉండే ఒక ప్రోటీన్‌ను పోల్చి చూస్తారు. నూటికి తొంభై పాళ్లకు పైగా కలిస్తే ఒకే జాతి కింద లెక్క. ఇది దాదాపు అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

"సారీ మేడమ్... కొత్తదైతే కాదు."

అన్నం సహించలేదు.

జూన్ 18, బుధవారం

అప్పట్లోనూ ఇదే చిక్కు. మొదటి ఏడాది పాలిపోయిన పసుపు, మరుసటి ఏడాది పరీక్షకు నిమ్మపండంత ముదురు పసుపు. రెండూ పొసగలేదు. సార్ రాసిన పేపరును సొరుగులో పెట్టేశారు. "మొదటిసారి నా కళ్లే మోసం చేశాయేమో వసంతా." మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇంకే కొత్త వైరస్ జోలికీ పోలేదు. పోయేదాకా అది లోపల ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు.

మునెప్ప మాత్రం అడుగుతూనే ఉన్నాడు. రిటైరై ఊరికి వెళ్లాక కూడా ఫోనులో మొదటి మాట అదే. "పేరు వచ్చెనా వసంతమ్మా?" వస్తుంది వస్తుంది అని నేనూ ఇన్నేళ్లు చెప్పుకొచ్చాను.

ఇప్పుడు ఏమని చెప్పాలి.

జూన్ 19, గురువారం

మళ్లీ ల్యాబ్‌కు. గొట్టాలు ఒక్కసారి చూస్తానని అడిగాను. ఎందుకో నాకే తెలియదు.

రసం రుద్దిన ఆకు కొన తుంచడం మా పద్ధతి — ఏ ఆకుకు ఎక్కించామో గుర్తుండాలని. నేను కత్తెరతో తిన్నగా కోసేదాన్ని. మునెప్ప గోటితో ఏటవాలుగా గిల్లేవాడు. ఎన్నిసార్లు చెప్పినా కత్తెర పట్టడు.

గొట్టాల్లో అన్నిటికంటే పాతది తెరిచాం. కొన ఏటవాలుగా ఉంది. దాని జత ఆకు, అదీ అంతే. లేబుల్ మాత్రం నాది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న వేసవి అది, మూడు వారాలు సెలవు. తిరిగొచ్చేసరికి అలసంద మొక్కలు మచ్చలతో చక్కగా నిలబడి ఉన్నాయి. ఇవైనా బాగున్నాయనుకుని ఎండబెట్టి లేబుల్ రాశాను. అంతకు ముందరి గొట్టాలు? నాలుగు ఉండాలి. దూది బూజుపట్టిందని పారేసినట్టు లీలగా గుర్తు.

నేను లేనప్పుడు మునెప్ప ఒక్కడే ఎందుకు ఎక్కించాడు? ఎక్కడి నుంచి?

జూన్ 21, శనివారం

అత్తిబెలె వెళ్లాను. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద బస్సు ఎగిరినట్టు పోయింది. ఆనాడు జీపులో వస్తుంటే దారంతా రాగిచేలు.

మునెప్ప బాగా చిక్కిపోయాడు. కోడలు కాఫీ ఇచ్చింది. కూర్చోగానే అదే ప్రశ్న. "పేరు వచ్చెనా?"

గొట్టాల సంగతి, గోటి గాటు సంగతి చెప్పాను.

"నేనే చేస్తినమ్మా. మీయమ్మ ఆస్పత్రిలో ఉండె. సార్ ఊర్లో లేడు. మూడు దినాలు కరెంటు లేక కూలరు నిలిచిపాయె, మన చెట్లన్నీ వాడిపాయె. ఫ్రిజ్జులో నీళ్లు కారి గొట్టాల్లో దూదంతా బూజు. నాకి దిక్కు తోచలే. పక్క రూములో మామూలు మొవ్వుకుళ్ళు చెట్టు ఉండె. దాని ఆకే నూరి అలసందకి రుద్దితి. అసలే అమ్మ కోసరం ఏడ్చి ఏడ్చి ఉండావు, వచ్చి ఇది కూడా చూస్తే తట్టుకోలేవని..."

"అది వేరే మునెప్పన్నా! ఇది వేరే!"

"చెల్లెలని సార్ అనె కదా, రెండూ ఒగే ఇంటివి, ఇదైనా సరిపోతాదని అనుకొంటి. అంత వేరేనా అమ్మా?"

అది తేలకే కదా సార్ అలా పోయారు. నోటిదాకా వచ్చింది. అరవాలనిపించింది, సార్ పేపరును సొరుగులో పడేసింది నువ్వేనయ్యా అని. కాఫీ గ్లాసు పట్టుకున్న అతని చూపుడు వేలి మీద నా కళ్లు పడ్డాయి. ఎన్ని వేల ఆకులకు ఆ వేలు ప్రాణం... కాదు, జబ్బు పోసిందో.

"దీనివల్ల ఏమన్నా చెడెనా అమ్మా?"

"లేదు మునెప్పన్నా. ఏమీ చెడలేదు."

చేను చూపించమన్నాను. పెద్ద రేకుల గోడౌన్. లారీలు. "చెనిక్కాయ ఆ మూలన ఉండె" అని వేలుపెట్టి చూపించాడు. తిరుగు బస్సులో ఏడ్చాను. సార్ కోసమో, మునెప్ప కోసమో, మూడు వారాలు మంచం పక్కనే కూర్చున్నా దక్కని అమ్మ కోసమో.

జూన్ 22, ఆదివారం

కోపం పోలేదు. కోపం ఎవరి మీదో తెలియడం లేదు. వచ్చాక ఆ ఆకుల కొనలు నేను చూడలేదా?

జూన్ 24, మంగళవారం

కూరగాయలు తరుగుతుంటే గుర్తొచ్చింది. కత్తిపీట అలాగే వదిలేసి మిద్దె మీదికి పరుగు.

ఆ రోజు చేనులో ఒక ఆకు తెంపి నా డైరీలో పెట్టుకున్నాను! అన్నీ ల్యాబ్‌కేనా, నాకొకటి అని.

ఇనప్పెట్టె నిండా డైరీలు. నాన్న దుకాణం కాగితాల కింద, అమ్మ చీరల కింద. రెండు గంటలు వెతికాను. దొరికింది. చెనిక్కాయ ఆకు, నాలుగు రెక్కలు, తేయాకు రంగు. వెలుతురుకు పట్టి చూస్తే ఇంకా వలయాలు కనిపిస్తున్నాయి. పక్కన నా రాత — "సార్ ఇవాళ చాలా సంతోషంగా ఉన్నారు. మునెప్ప టమోటా చట్నీ, రాగి సంగటి." అంతే రాశాను. ఇంకా రాసి ఉండాల్సింది.

దీనికి గోటి గాటు లేదు, కత్తెర గాటు లేదు. చేనులోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది.

జూన్ 27, శుక్రవారం

అఫ్రీన్ ఎగిరి గంతేసింది. ఫ్రిజ్‌లో పెట్టకుండా ఎండిన ఆకులో వైరస్ చచ్చి ఉంటుంది గానీ, ఆర్‌ఎన్‌ఏ తునకలు మిగిలి ఉండొచ్చట, అతికించి చదవొచ్చట. "కానీ మేడమ్, నూరేస్తే ఇగ ఆకు ఉండదు."

రెండు రెక్కలు ఇచ్చాను. రెండు దాచుకున్నాను. ఆశ చావదు కదా.

జూలై 8, మంగళవారం

చాలలేదట. అక్కడక్కడ రెండు మాటలు చదవగలిగారు, వాక్యం కూడలేదు. "మిగిలిన రెండూ కలిపి చేస్తే ఛాన్స్ ఉంది. మీ ఇష్టం మేడమ్."

జూలై 9, బుధవారం

రోజంతా డైరీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ చేను లేదు, సార్ లేరు, ఆ జీపు లేదు. ఈ రెండు రెక్కలున్నాయి. ఇవి నూరాక మళ్లీ "అదే మామూలుది" అంటే? సార్ కళ్లు మోసం చేశాయన్నది ఖాయమైపోతుంది. ఇవ్వకపోతే ఆయన ఒప్పేమో అనే ఆశైనా మిగులుతుంది.

సార్ ఉంటే ఏమనేవారో తెలుసు. "దాచుకుంటే అది ఆకు వసంతా. చదివితేనే అది వైరస్."

జూలై 10, గురువారం

ఇచ్చేశాను. పేజీ మీద ఆకు మరక మాత్రం ఉంది. నాలుగు రెక్కలూ తెలుస్తున్నాయి.

జూలై 25, శుక్రవారం

అఫ్రీన్ మెసేజ్. "మేడమ్ ఈసారి రీడ్ అయింది. రిపోర్ట్ మెయిల్ చేసిన. కాల్ చెయ్యనా?"

వద్దన్నాను. నన్ను ఏమీ అడగకు, నాకు ఏమీ చెప్పకు అన్నాను. మెయిల్ తెరవలేదు. నేను ముందు తెలుసుకుని తర్వాత మునెప్పకు చెప్పేది కాదు ఇది. రేపు అత్తిబెలె.

జూలై 26, శనివారం

మునెప్ప ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

బస్సులో వస్తూ అనుకున్నాను, సార్ పేపరు సంగతి అతనికి ఎప్పటికీ చెప్పనని. ఇక్కడికొచ్చాక ఆ ధైర్యం సడలుతోంది. 'ఏమీ చెడలేదు' అన్న మాట నిజం కావాలంటే ఈ మెయిల్‌లో ఏముండాలో నాకే తెలియడం లేదు. కొత్తదని వస్తే సార్ ఒప్పు, చెడగొట్టింది మునెప్ప. పాతదని వస్తే మునెప్ప చేసినదానివల్ల ఏమీ చెడలేదు, సార్ కళ్లే తప్పు. ఇద్దరినీ ఒకేసారి కాపాడే జవాబు లేదు.

పాత డైరీ తెచ్చాను. మరక ఉన్న పేజీ తీసి అతని ముందు పెట్టాను. "ఇది మన చేనిదే" అన్నాడు, చూడగానే. కళ్లు తడిశాయి. వేలు ముందుకు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఉండమ్మా. బీడీ తాగిన చేతులు."

సార్ పెట్టిన రూలు. పొగాకుకు వచ్చే వైరస్ బీడీలో కూడా చావదు, ఆ వేళ్లతో మొక్కను ముడితే ఎక్కుతుంది. అందుకని గ్లాస్‌హౌస్ గడప దాటాలంటే మోచేతుల దాకా సబ్బు, రెండుసార్లు.

కోడలు నవ్వుతోంది. "కాయితానికి ఏమైతాది మామా?" అతను వినిపించుకోలేదు.

కొళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. వీపు వంగింది గానీ చేతులు తిప్పే పద్ధతి మారలేదు. వేళ్ల సందులు, మణికట్టు, మోచేయి. ఫోను నా ఒళ్లో ఉంది, మెయిల్ తెరవలేదు.

ఒకసారి కడిగాడు. మళ్లీ సబ్బు తీసుకుంటున్నాడు. నేనూ వెళ్లి కడుక్కోవాలి.