సూదిలో దారం

సహకార సంఘాల రిజిస్ట్రారు గారికి,

దర్జీల పరపతి సంఘం కార్యదర్శి విన్నపం. కొత్త చట్టం అమలు మొదటి విడతలో, కమిటీలో బంధువులు ఉండకూడదన్నారు. మా సంఘంలో బావ కానివాడు మామ. కమిటీ ఐదుగురిలో నలుగురు తప్పుకుంటే నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుకు ఐదుగురు కమిటీ సభ్యుల సంతకాలు కావాలన్న పాత నిబంధన మాత్రం రెండో విడత దాకా, అంటే వచ్చే ఏడాది దాకా ఉంటుందట. మిగతా సంతకాలు ఎవరిచేత పెట్టించమంటారు?

కుట్టుపని చేసే మా పిన్నికి కంటి ఆపరేషన్ అప్పు ఆగిపోయింది. "సంఘంలో డబ్బుందిగా, నీ చెయ్యి ఎవరు పట్టుకున్నారురా?" అని మొదట్లో తిట్టేది. ఈ విడతల గురించి మీరు పంపిన ఉత్తర్వు చదివి వినిపించాను. ఇప్పుడు అడగడం మానేసింది. పొద్దున్నే వచ్చి, రోజంతటికీ సరిపడా సూదుల్లోకి నాచేత దారం ఎక్కించుకుని వెళ్తోంది.

ఇట్లు,
మిగిలిన కార్యదర్శి