మేకు కొట్టిన గోడ

ప్రజ్ఞాపూర్,
మే 4

ప్రాణమైన స్వరూపక్కకు,

ఫోన్ చేస్తే నువ్వు మాట మధ్యలో ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. మన ఏసీ మెకానిక్ రాజేశ్ సామాను కోసం సిద్దిపేట పోతున్నాడు. దారిలో కొండపాకలో దిగి నీకిచ్చి పోతానన్నాడు.

అవ్వను దవాఖాన నుంచి తెచ్చాం. "ఇంటికి తీసుకెళ్లండి, అడిగింది పెట్టండి" అన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం కన్నబిడ్డలం మనకూ తెలుసు, అవ్వకూ తెలుసు. ఏమడిగిందనుకున్నావు? చింతచిగురు పప్పు. రెండు ముద్దలు తిని గిన్నె జరిపింది.

మర్నాడు పొద్దున, కింద ఉండే ఇంటామె ప్రమీలాదేవి ఆంటీ కొబ్బరిబోండం పట్టుకుని పైకి వచ్చింది. అవ్వకు తాగించి, నన్ను వంటింట్లోకి పిలిచింది. "నన్ను తిట్టుకోకు బిడ్డా. వచ్చే నెల మా హర్షిణి పెండ్లి. ఇండ్ల అసొంటిదేమన్న అయితే ఇల్లు మూసిపెట్టుమంటరు. మూడు నెలలో, ఆరు నెలలో. నేను పందిరెక్కడ ఏసుకోవాలె? గేటు ముందట పండవెట్టుడు గూడ వద్దు" అని కళ్లు తుడుచుకుంది. నేనే ఆమెకు నీళ్లిచ్చాను. "సరే ఆంటీ" అన్నాను.

అంత తేలిగ్గా ఎలా అన్నానో తెలియదు. కోపం రావాలి కదా, రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆపాను, అంతే. కిరాయి ఇళ్లలోనే పుట్టి పెరిగాం, ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిందేనని లోపల ముందే అనుకున్నానేమో.

సాగర్ రిజర్వాయర్ చూడడానికి వచ్చే హైదరాబాద్ వాళ్లకు మేం కిరాయికిచ్చే కారవాన్ ఉంది కదా, జీపు వెనక తగిలించి లాగే చక్రాల గది. దాన్ని మర్కూక్ దగ్గర దుబ్బయ్య మామిడితోటలో నిలబెట్టి, అవ్వను అందులో ఉంచుదామంటున్నాడు మీ మరిది శైలేందర్. అక్కడ కరెంటు లేదు. ఉన్న ఏసీ ఈ ఎండలకు ఉత్త గాలి ఊదుతుంది. పెద్దది పెట్టించి జనరేటర్ మీద నడుపుతాడట.

నీది సొంత ఇల్లు. నిన్న ఫోన్లో ఇంటామె సంగతి చెప్పాను. "మా మామ ఉన్నడు కదనే" అన్నావు. కొత్త ఇంట్లో అవ్వను ఉంచడానికి ఆయన ఒప్పుకోడని నాకూ తెలుసు. అయినా అడుగుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చాక అడగాలనిపించడం లేదు.

నీ చెల్లె,
వినీత


మర్కూక్,
మే 9

అక్కా,

అవ్వను తోటకు తెచ్చాం. "సాగర్ గాలికి పోదాం అవ్వా, నాలుగు రోజులుండి వద్దాం" అని అబద్ధం చెప్పాను. "పోదాం పా" అంది. తన చీరల మూట తనే కట్టుకుంది. గడప దగ్గర ఆగి చీపురు అడిగింది. మనం ఏ ఇల్లు ఖాళీ చేసినా ఊడ్చి వచ్చేది కదా. నేనివ్వలేదు.

ఏసీ పని మొదట ఆగమాగమైంది. పెద్దదైతే బాగా చల్లగా ఉంటుందని శైలేందర్ ఎవరినీ అడగకుండా ఒకటిన్నర టన్ను మామూలు ఏసీ తెచ్చాడు. ఆన్ చేయగానే జనరేటర్ మూలిగి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. "నడిచేటప్పుడు కాదన్నా, మొదలువెట్టేటప్పుడే ఎక్కువ కరెంటు గుంజుతది. గీ జనరేటర్‌కు గంత తాకత్ లేదు" అన్నాడు రాజేశ్. దాన్ని వాపసిచ్చి, మెల్లగా అందుకునే ఇన్వర్టర్ రకం ఒక టన్నుది తెచ్చారు. చిన్న గదే కదా, అది చాలు. జనరేటర్‌ను దూరంగా, గాలికి పొగ మా వైపు రాకుండా గట్టు అవతల పెట్టారు. పొగ లోపల చేరితే పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారని రాజేశ్ చెబుతుంటే, నేను అవ్వ కాళ్లకు నూనె రాస్తూ విన్నాను. ఏమీ అనిపించలేదు. నా ఏడుపును ఎక్కడ పెట్టి మరిచిపోయానో తెలియడం లేదక్కా.

రాజేశ్ ఏసీ పైపు కోసం డ్రిల్లుతో గోడ తొలుస్తుంటే అవ్వ మంచం మీద నుంచే అదిరిపడింది. "ఎవల్నడిగి పొక్క కొడుతుండు గాయిన?" అంది.

"ఎవల్నడగాలె అవ్వా?"

"ఇంటోళ్లను."

"ఇది మనదే అవ్వా. కొన్నం గదా."

అవ్వ గోడ వైపు తిరిగింది. పని అయిపోయి రాజేశ్ వెళ్లిపోయాక కూడా ఆ గోడనే చూస్తూ పడుకుంది. నొప్పిగా ఉందేమోనని మాత్ర ఇచ్చాను.

నీ మీద కోపం కూడా రావడం లేదు. వస్తే బాగుండేది.

వినీత


ప్రజ్ఞాపూర్,
మే 30

నా స్వరూపక్కకు,

దినాలనాడు నువ్వు నేల మీద కూలబడి, "దిక్కులేనిదాని లెక్క చక్రాల బండిల పానమిడిస్తివి గదే అవ్వా, నీకు ఇల్లే లేకపాయెనే" అని ఏడ్చావు. నా వైపు చూడలేదు. నేను పక్కనే విస్తర్లు వేస్తున్నాను. అప్పుడే చెప్పాల్సింది, అందరి ముందు నోరు రాలేదు.

అవ్వ పోయే ముందు రోజు సాయంత్రం ప్రమీలాదేవి ఆంటీ ఆటో మాట్లాడుకుని తోటకు వచ్చింది. చెప్పులు బయట విడిచి, వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "తప్పయింది పెద్దమ్మా. అన్నం సయిస్తలేదు నాకు. ఇల్లు మూసుకునుడైతే మూసుకుంట, పెండ్లి ఫంక్షన్ హాల్ల జేసుకుంట. లే, ఇంటికి పోదాం" అంది.

నా అబద్ధం బయటపడిందని తల దించుకున్నాను. అవ్వ మాత్రం ఆమె చెయ్యి నిమిరి, "నాకెర్కనే బిడ్డా, ఆనాడు నువ్వు వంటింట్ల అన్నప్పుడే ఇన్న" అంది. "నీది మంచి ఇల్లే. గని కిరాయిల్లు. నేను రాను. గిది నా బిడ్డది."

తర్వాత శైలేందర్‌ను పిలిచింది. "కొడుకా, ఇండ్ల మేకు కొట్టచ్చునా?"

నీకు గుర్తుందా అక్కా, మనం దిగిన ప్రతి ఇంట్లో ఇంటివాళ్ల మొదటి మాట అదే కదా, గోడలకు మేకులు కొట్టొద్దని. బాపు పోయినప్పటి నుంచి ఆయన ఫోటో బియ్యం డబ్బా మీదో, సందూక పెట్టె మీదో గోడకు ఆనించే ఉండేది. దండ వేస్తే ముందుకు పడేది. ఆ ఫోటోను అవ్వ చీరల మూటలో తెచ్చుకుంది. శైలేందర్ మేకు కొడితే, పలచని గోడ, మొన అవతలికి పొడుచుకొచ్చింది. అవ్వ పడుకునే, "ఇంకింత పైకి, గాడ, గాడ" అని జాగ చూపించింది. ఆంటీ ఫోటో అద్దాన్ని కొంగుతో తుడిచి తగిలించింది.

తెల్లారి అవ్వ రెండు గుక్కలు చాయ్ తాగింది. "సలి వెడుతుంది, తక్కువ జెయ్యి" అంది. రిమోట్ తీసుకుని ఇటు తిరిగేసరికి పోయింది. ముఖం ఫోటో వైపు ఉంది. నేను ఏడవలేదు. ఏసీ తగ్గించాను, అడిగింది కదా.

నువ్వు పిలవలేదని నాకు కష్టంగానే ఉండింది. దాచను. కానీ నువ్వు పిలిచినా అవ్వ వచ్చేది కాదు, అది నువ్వు తెలుసుకోవాలి.

వచ్చే ఆదివారానికి ఎవరో కారవాన్ అడిగారు. శైలేందర్ అంతా కడిగి, ఫోటో నా చేతికిచ్చి, మేకు పీకడానికి పటకారు తీశాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. అప్పుడొచ్చిందక్కా ఏడుపు, జనరేటర్ మోతను మించి.

ఆంటీ ఇప్పుడు తన గోడకు కొట్టుకోమంటోంది. ఆ ఇంట్లో మేమెన్నాళ్లుంటామో ఎవరికి తెలుసు? అవ్వ ఫోటో కూడా కట్టించాను. బాపుదీ అవ్వదీ రెండూ రాజేశ్‌తో పంపుతున్నాను. మీ మామను అడగకు. మంచి గోడ చూసి రెండు మేకులు కొట్టు.

నీ చెల్లె,
వినీత