శుక్రవారం ఇవ్వని తాళాలు

ప్రసూనా,

"ఆ ఇంటి తాళాలు ఈ పొద్దు మన చేతికి రావు" అని ఎందుకో పొద్దున్నే అన్నాను. మీ నాయన నవ్వినాడు. ఇప్పుడు చూడు.

కాలేజీ నుంచి రాగానే అన్నం తిను. టెంపో వస్తే నిలబెట్టు, సామాను మాత్రం ఎక్కించనివ్వద్దు. డ్రమ్ములో నీళ్లు పారబోయవద్దు, ఆడ కొళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. సాయంత్రానికి ఈ అద్దె ఇల్లు ఖాళీ చేయాలి, ఏమవుతుందో ఏమో. ఫోన్ ఇంట్లోనే మరిచిపోయినావు, అందుకే ఈ చీటీ.

ఇల్లు మనకు అమ్మి, నిన్న రిజిస్ట్రేషన్‌లో వేలిముద్ర వేసిన మారెక్కవ్వ ఈ రోజు లోపల గడియ పెట్టుకుంది. రెండు గంటలు పిలిచినా పలకలేదు. ఫోన్ ఎత్తలేదు. మనసు మార్చుకుందో, ఒంటరి మనిషికి ఏమన్నా అయిందో తెలీదు. మీ నాయన ఆ గడప దగ్గరే కూర్చున్నాడు. పాలగిన్నె తీసుకుని నేనూ పోతున్నాను. మూడింటికి ముహూర్తం దాటిపోతుంది.

అమ్మ

ఇప్పుడే ఆమె ఫోన్ ఎత్తింది. "శుక్రవారం పూట ఇంటి లక్ష్మిని ఎవరన్నా పరాయి చేతిలో పెడతారామ్మా? ఆడదానివి, నీకన్నా తెలీదా?" అని ఏడ్చింది. అయ్యవారు మనకు మంచిరోజు చెప్పినాడు గానీ, ఇచ్చే మనిషి సంగతి మనమెవరమూ తలచలేదు. "మరి పాలు ఎట్ల పొంగించేది అవ్వా?" అన్నాను. ఆఖరికి అనింది: "తాళం రేపిస్తా. తలుపైతే ఇప్పుడే తీస్తా, రా. ఈ పొద్దుకు నేనే నీ ఇంట్లో చుట్టాన్ని."