అత్తమ్మ నాలుక మీద బుడగలు

నవంబర్ 5, బుధవారం

ఈ డైరీ అత్తమ్మ మీద కసి తీర్చుకోవడానికి పెట్టుకున్నది. పదకొండేళ్ళ కింద ఈ గౌలిపుర ఇంటికి కోడలిగా వచ్చిన వారంలోనే మొదలుపెట్టాను. ఉప్పు తక్కువైంది, చారుల చింతపండు ఎక్కువైంది, నీకు చెయ్యి తిరగలేదు పిల్లా అని ఆమె అన్న ప్రతి మాటా ఏ రోజుకారోజు ఎక్కించేదాన్ని.

మూడు నెలలుగా ఎక్కించడానికి ఏమీ లేదు. శ్రావణంలో వచ్చిన వైరల్ ఫీవర్ పోతూ పోతూ ఆమె రుచినీ వాసననూ పట్టుకుపోయింది. మాది పాల వ్యాపారం. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని నీళ్ళెన్ని కలిశాయో చెప్పే మనిషి మా అత్తమ్మ రుక్మిణమ్మ. ఇప్పుడు ఏం పెట్టినా మంచిగనే ఉన్నది అంటుంది. నాలుగు ముద్దలు తిని పళ్ళెం ముందు నుంచి లేస్తుంది. ఏడు కిలోలు తగ్గింది. రుచి రావచ్చు, రాకపోవచ్చు, ముందు తిండి మానకుండా చూడండి అన్నాడు డాక్టర్.

నాకు భయంగా ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా కూడా ఉంది.

నవంబర్ 7, శుక్రవారం

ఆడబిడ్డ స్రవ్య సి.ఎ. పాసైంది. నాలుగో అటెంప్ట్. మా ఆయన నందు గల్లీ అంతా స్వీట్లు పంచాడు. చెల్లెలు పాసైతే అన్నకు ఇంత పొగరేమిటో.

స్రవ్యకు పార్టీ మన డాబా మీదే కావాలట. రెండు స్పార్క్లింగ్ వైన్ సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన పడుకోబెట్టింది. కాక్‌టెయిల్స్ నువ్వే కలపాలె వదినా, వీడియోలున్నయి గదా, ఫికర్ జెయ్యకు అంది. నేను చాయ్ కలిపితేనే ఇంట్లో పేర్లు పెట్టేవాళ్ళు.

అత్తమ్మ ఒక్కటే అంది. బోనాలకు కల్లు తాగినోళ్ళమే, కాదన, గని కార్తీకం ఎల్లేదాంక సీసా మూత తియ్యద్దు అని. పార్టీ 22కి పడింది. అంతవరకు ప్రాక్టీస్ సోడాతోనే.

నవంబర్ 9, ఆదివారం

దానిమ్మ రసం, అల్లం పాకం, నిమ్మచుక్క, పైన సోడా. బాగానే వచ్చిందనుకుంటుండగా నందు దూరి తనూ ఒకటి కలిపాడు. చాయ్ తిరగబోసినట్టు చెయ్యి పైకెత్తి ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి మూడుసార్లు పోశాడు. పాలు అమ్మే ఇళ్ళ మగాళ్ళకు ఏది కనబడినా నురగ తెప్పించాల్సిందే.

నాదీ అతనిదీ రెండూ అత్తమ్మ ముందు పెట్టాను. నాకేం తెలుస్తది అంటూనే నాది ఒక గుక్క తాగి ఆగిపోయింది. గిదేంది, నాలుక మీద చురుక్కుమన్నది అంది. ఇంకో గుక్క తాగింది. నందు గ్లాసు తాగి పక్కకు నెట్టింది. గిది సచ్చిపోయింది అంది.

రుచి లేకపోయినా బుడగలు తెలుస్తున్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి ఇంకో గ్లాసు కలిపాను.

నవంబర్ 10

పొద్దున్నే సోడా ఉన్నదా అని అడిగింది. మూడు నెలల్లో ఆమె అడిగి పుచ్చుకున్న మొదటి వస్తువు.

నవంబర్ 13, గురువారం

అన్నం ముందు సోడా పెడుతున్నాను. ముద్దకొక గుక్క. ఇవాళ తొమ్మిది ముద్దలు తింది. లెక్కపెడుతున్నావా పిల్లా అంది. లేదన్నాను.

కాక్‌టెయిల్ టెస్టింగ్ అంతా ఇప్పుడు ఆమెదే. మేమందరం తీపికి మోసపోతాం, ఆమె మోసపోదు. గ్యాస్ ఉందా లేదా, అంతే చూస్తుంది. నేను పోసే తీరు చూసి గ్లాసు లాక్కుంది. నురగతోని పాలు కొలిస్తే గిరాకిని మోసం జేసినట్టే, జర వంచి అంచు పొంటి పొయ్యాలె, మీ మామ నాకు గిదే నేర్పిండు అంది. గ్లాసు వంచింది. సోడా అంచు వెంబడి చప్పుడు లేకుండా దిగింది, బుడగలన్నీ లోపలే ఉండిపోయాయి. వీడియోలో అమ్మాయి కూడా ఇదే చెప్పింది. ఆ మాట అత్తమ్మతో అనలేదు.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ బాగాలేదు. సోడా తెలుస్తున్నదంటే మిగతావి కూడా వచ్చి ఉంటాయనుకుందేమో, ఎవరికీ చెప్పకుండా బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. నేను వెళ్ళేసరికి చేతిలోకి ఉమ్మేసి దాన్నే చూస్తూ కూర్చుంది. మట్టిబెడ్డ తీర్గ ఉన్నదే అంది. ఆమె ఏడవడం మామయ్య పోయిన రోజు చూశాను, మళ్ళీ ఇవాళే.

రాత్రి అన్నం వద్దంది. సోడా కూడా వద్దంది.

నవంబర్ 17

మధ్యాహ్నం ఆమే అడిగింది. సోడా, పెరుగన్నం. ఆరు ముద్దలు.

నవంబర్ 19, బుధవారం

సన్నగా పొడుగ్గా ఉండే వైన్ గ్లాసులు ఎక్కడా దొరకలేదు. లాడ్ బజార్ వెనక గల్లీలో డజను ఫలూదా గ్లాసులు కొన్నాను. స్రవ్య పడి పడి నవ్వింది. అత్తమ్మ మాత్రం ఒకటి తీసుకుని వంచి చూసి, మస్తున్నయి అంది.

నవంబర్ 23, ఆదివారం, ఉదయం

నిన్న సాయంత్రం డాబా మీద పన్నెండు మందిమి. అత్తమ్మ ఐస్ బకెట్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆమెకు రెండు చెంచాల వైన్ పోయొచ్చా అని డాక్టర్ని ముందే ఫోన్లో అడిగాను, ఏం కాదన్నాడు.

స్రవ్య మూత తీసింది. ఎవరూ తాగకముందే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సాక పొయ్యకుండ ఎట్ల తాగుతరు అని, గ్లాసులో వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చల్లింది. నీ బిడ్డ పాసైంది, తాగు అని మామయ్యకు చెప్పింది. స్రవ్య ఆఫీసు ఫ్రెండ్స్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ, వాళ్ళూ తలా మూడు చుక్కలు చల్లారు.

తర్వాత పని. అడుగున దానిమ్మ రసం, అల్లం పాకం ఒక చెంచా, గ్లాసు వంచి అంచు పొంటి వైన్. ఒక్కటీ పొంగలేదు. ఎవరు కలిపారని అడిగితే స్రవ్య మా ఇద్దరినీ చూపించింది. పదకొండేళ్ళలో మా ఇద్దరినీ కలిపి ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదలు.

అత్తమ్మ తన రెండు చెంచాలు చాలాసేపు తాగింది. చివర్లో, గిండ్ల అల్లమున్నదా అని అడిగింది. ఉందన్నాను.

నేను దంచుతుంటే చూసి ఉంటుంది. ఆశపడకూడదు. ఈ మాట రాసుకుంటే గుర్తుంటుందని రాస్తున్నాను.

నవంబర్ 27

చారులో చింతపండు ఎక్కువైందట. పదకొండేండ్లయినా నీకు చెయ్యి తిరగలేదు పిల్లా అంది.

ఇంకోసారి అనమన్నాను. అంది.